కరివేపాకుకి జరిగిన అవమానం ఏదీ లేదు

మా ఇంటి వాట్సాప్ గ్రూపులో ఈ వారం మూడుసార్లు తిరిగిన మెసేజ్ ఇది: "ఇంగ్లిషువాళ్ల కర్రీ నుంచి కరివేపాకుకి ఆ పేరొచ్చింది. అది వేప జాతి ఔషధం. దాని విలువ తెలియనివాళ్లే 'కూరలో కరివేపాకు' అన్న మాట పుట్టించారు. ఇకపై వాడకండి." మూడూ తప్పే.

ముందు పేరు. కన్నడంలో కరిబేవు, తమిళంలో కరివేప్పిలై, తెలంగాణలో చాలాచోట్ల కల్యామాకు. ఇందులో ఇంగ్లిషు ఎక్కడుంది? అసలు 'కర్రీ' అన్న మాటే తమిళ 'కరి' నుంచి అటు పోయింది. అప్పిచ్చినవాణ్ణే పట్టుకుని బాకీ ఎప్పుడు తీరుస్తావని అడిగినట్టుంది.

వేపతో ఉన్నది ఆకు పోలిక మాత్రమే. కరివేపది నిమ్మ, నారింజల కుటుంబం. 1771లో లిన్నేయస్ అనే స్వీడన్ శాస్త్రవేత్త దాని శాస్త్రీయ నామంలో 'కోనిగీ' అని చేర్చింది కోనిగ్ అనే వృక్షశాస్త్రవేత్త పేరు మీద. ఆయన 1785లో పోయింది మన కాకినాడ జగన్నాథపురంలోనే.

ఇక అసలు విషయం. ఆవాలు చిటపటలాడాక రెబ్బ దూసి నూనెలో వేస్తే చుర్రుమంటుంది, మనింట్లో ఇవాళ పప్పని పక్కింటికి కూడా తెలిసిపోతుంది. ఆ ఘుమఘుమంతా నూనెలోకి దిగాక కంచంలోకొచ్చే ఆకు నమిలితే పీచు. అందుకే పక్కన పెడతాం. అది లేకుండా పోపు పెట్టమంటే మాత్రం ఎవరూ ఒప్పుకోరు. పనికిరానిదని కాదు, పనంతా చేయించుకున్నాక తీసేస్తారనే ఆ మాట పుట్టింది. తిట్టు తీసేసినవాడికి, ఆకుకి కాదు.

"నేనేమన్నా కూరలో కరివేపాకునా?" అన్నప్పుడు 'లెక్కలేనివాణ్ణా' అన్న అర్థం ఉందిగా అంటారా, ఉంది. కూరగాయలు కొంటే కొసరుగా సంచిలో పడేసే ఆకు కదా, ఆ చులకన కొంత అంటుకుంది. (ఇప్పుడు దానికీ డబ్బులడుగుతున్నారు, అది వేరే ఏడుపు.) కానీ టికెట్ దక్కని నాయకుడు "కరివేపాకులా వాడుకుని పడేశారు" అన్నాడంటే, తాను పనికిరానివాణ్ణని ఒప్పుకున్నట్టా?

ఆ మెసేజ్ పంపింది మా బాబాయి. పదిహేనేళ్లు ఒక షాపులో లెక్కలు రాశాడు. ఓనరు కొడుక్కి పనంతా నేర్పించాక రేపట్నుంచి రావద్దన్నారు. ఆ సాయంత్రం అరుగు మీద కూర్చుని, చెప్పులు కూడా విప్పకుండా, "కూరలో కరివేపాకులా తీసేశార్రా" అన్నాడు.