పైన పటారం, కింద పంట

దున్నేవాడిదే భూమి అని తేల్చిన పెద్దలు ఒక్క సంగతి మరిచిపోయారు. ఆ భూమి మీద పడే ఎండ ఎవరిదో ఎక్కడా రాసిపెట్టలేదు. అడిగినవాడు లేడు కాబట్టి ఇన్నాళ్లూ మొక్కలే దాన్ని అనుభవించాయి. కౌలు లేదు, మీటరు లేదు, లెక్కాపత్రం అసలే లేదు. పైగా ఎంత దుబారా! మీద పడ్డ ఎండలో పైరు ఒంటికి పట్టించుకునేది మామూలుగా నూటికి ఒకటి రెండు పాళ్లు. సోలార్ ప్యానెల్ ఇరవై పాళ్ల దాకా కరెంటు చేసి చూపిస్తుంది. ఇలాంటి పనిమంతురాలు పక్కనే ఉండగా ఆ పైరును ఇంకా కొలువులో ఉంచుకోవడం మన జాలిగుండె.

కొలువు తీసెయ్యకుండా ఆ పైరును ప్యానెళ్ల కిందే నీడపట్టున కూర్చోబెడదామన్న ఆలోచన 1981లో జర్మన్ శాస్త్రవేత్తలు అడాల్ఫ్ గెట్జ్‌బెర్గర్, ఆర్మిన్ జాస్ట్రోలకు వచ్చింది. ప్యానెళ్లను రెండు మీటర్ల ఎత్తుకు లేపి, వరసల మధ్య ఎడం పెంచితే కిందికి మూడింట రెండొంతుల వెలుతురు దిగుతుందని లెక్క కట్టారు. ఆ వ్యాసానికి పెట్టిన పేరు ‘కలెక్టరు కింద ఆలుగడ్డలు’. ఎండను పట్టే సాధనమని వాళ్ల ఉద్దేశం. తెలుగువాడికి ఇంకో కలెక్టరు గుర్తొస్తే ఆ తప్పు శాస్త్రానిది కాదు.

ఆలుగడ్డలు మాట నిలబెట్టాయి. జర్మనీలోనే కాన్‌స్టన్స్ సరస్సు దగ్గర హెగెల్‌బాఖ్ అనే చోట 2016లో ఫ్రౌన్‌హోఫర్ అనే పరిశోధన సంస్థ అయిదు మీటర్ల ఎత్తున 194 కిలోవాట్ల ప్యానెళ్లు నిలబెట్టింది. 2018లో, రాటలు తిన్న నేల పోగా, ఆలుగడ్డలు మామూలు చేనుతో పోలిస్తే 103 శాతం వచ్చాయి. కరెంటు, ప్యానెళ్లే పరిచిన నేలతో పోలిస్తే 83 శాతం. రెండూ కూడితే 186. అంటే నూరెకరాలు 186 ఎకరాలంత పని చేశాయి. గట్టు జరపలేదు, హద్దురాయి పీకలేదు, పక్క చేను వాడితో తగువు లేదు. నేలను పెంచడానికి మనిషి ఇంతకంటే మర్యాదైన దారి ఎన్నడూ కనిపెట్టలేదు.

2018 అక్కడ ఎండలు మండిన ఏడు. నీడ పడిన నేల తడి నిలుపుకుంది, అదీ కిటుకు. అంతకు ముందు ఏడు అదే చేలో గోధుమ, ఆలుగడ్డ 18 నుంచి 19 శాతం తగ్గాయి. ఆ అంకెను పోస్టరు మీద అచ్చేసినవాణ్ణి నేనింకా చూడలేదు.

అరిజోనా ఎడారి సంగతి ఇంకా ముచ్చటైనది. 2019లో ప్రచురించిన పరిశోధనలో ప్యానెళ్ల కింద చిల్టెపిన్ అనే చిట్టిమిరప మూడింతలు కాసింది, టమాటా రెండింతలు. అంతకన్నా విశేషం, కింద మొక్కలున్న ప్యానెళ్లు పగటిపూట తొమ్మిది డిగ్రీల దాకా చల్లబడ్డాయి. ప్యానెల్‌కు వేడి పడదు, ఒక్కో డిగ్రీ పెరిగేకొద్దీ కరెంటు కాస్త కాస్త తగ్గుతుంది. మొక్క ఆకుల్లోంచి ఆవిరి వదిలి దాన్ని చల్లబరుస్తుంది. పైవాడు చల్లగా ఉన్నాడంటే కింద ఎవడో చెమటోడుస్తున్నాడన్నమాట. ఇందుకోసం పరిశోధన దాకా ఎందుకు వెళ్లారో తెలియదు.

ఇక క్రమశిక్షణ. జపాన్‌లో 2013 నాటి నిబంధన ప్రకారం రాటలు దిగిన నేలను మాత్రమే సాగు కాని పనికి వాడుకోవడానికి తాత్కాలిక అనుమతి. కింద దిగుబడి ఆ ప్రాంతపు సగటులో 80 శాతానికి తగ్గకూడదు, ఏటేటా నివేదిక ఇచ్చుకోవాలి. జర్మనీ 2021 ప్రమాణంలో అది 66 శాతం. ఫ్రాన్స్ 2024లో 90 అంది. మూడుచోట్లా ప్రశ్నపత్రం పంటకే. పైనున్నవాణ్ణి ‘నువ్వు నిజంగా కరెంటు చేస్తున్నావా?’ అని ఎవరూ అడగరు, ఎందుకంటే వాడు చేస్తాడని అందరికీ తెలుసు. పంటను అడక్కపోతే ఏమవుతుందో కూడా అందరికీ తెలుసు: నాలుగు మొక్కలు నాటి, ఫొటో దిగి, సేద్యం అనే మాటను బోర్డు మీద పండించి వెళ్లిపోతారు.

ఒకసారి ఆ కిందికి వంగి చూడండి. ప్యానెల్‌కూ ఇంటికప్పులాగే చూరు ఉంటుంది. చూరు నీళ్లు చేనంతా పరుచుకోవు, ఒకే గీతన కారి మన్ను కోసేస్తాయి. ఆ గీత మీది మొక్కలకు వేళ్లు బయటపడతాయి, మూరెడు అవతలి మొక్క తడవదు. రాట చుట్టూ గొర్రు తిరగదు కాబట్టి అక్కడ కలుపు దర్జాగా ఎదుగుతుంది. ఆ కలుపు మేయడానికి గొర్రెలను పంపుతారు గానీ మేకలను రానివ్వరు. మేక ప్యానెల్ ఎక్కుతుంది, వైరు కొరుకుతుంది. మొత్తం పథకంలో పై అంతస్తు మీద హక్కు అడిగిన ఒకే ఒక్క ప్రాణి అది.

దేశం ఏదైనా పనికొచ్చేలా ఒక దరఖాస్తు నమూనా నేనే తయారు చేశాను. భూమి ఎవరిది, ప్యానెళ్లు ఎవరివి, అప్పు ఏ బ్యాంకుది, కరెంటు ఎవరికి, పంట పేరు, శాతం. అన్నిటికీ గళ్లు కుదిరాయి. దున్నేవాడి పేరుకూ ఒక గడి పెడదామనుకున్నాను గానీ రాటల కొలతలకే కాగితం నిండిపోయింది. అట్టడుగున, పంట తగ్గితే బాధ్యుడి సంతకం అన్న చోట కాస్త జాగా మిగిలింది. అక్కడ పెట్టమందాం. నీడ కూడా బాగానే పడుతుంది.