సరిహద్దులో లారీ ఆగితే జవాబు చెప్పేవాళ్లెవరు?

పొద్దున మా చిన్నాయన కొడుకు బెంగాల్ సరిహద్దులోని పెట్రాపోల్ నుంచి ఫోన్ చేశాడు. మదనపల్లి మార్కెట్లో ఎత్తిన టమాటా లోడు. "ఇంకా వరసలోనే ఉండానన్నా, కింది బాక్సుల్లో కాయ మెత్తబడతా ఉంది" అన్నాడు. అప్పటి నుంచి ఒళ్లు మండిపోతోంది. ఇక్కడి నుంచి బెంగాల్ దాకా పోయిన బండి, ఎదురుగా బంగ్లాదేశ్ వైపున్న బేనాపోల్ గేటు దాటలేక పడి ఉంది.

దాటినా అవతల యార్డులో సరుకంతా దించి వాళ్ల లారీలకు ఎక్కించాలి. మన బండి ఢాకా దాకా పోవడానికి లేదు. దీనికోసమే కదా 2015 జూన్‌లో థింపూలో భారత్, బంగ్లాదేశ్, నేపాల్, భూటాన్ మోటారు వాహనాల ఒప్పందం మీద సంతకాలు పెట్టింది? భూటాన్ పార్లమెంటు ఒప్పుకోలేదు. చిన్న దేశం, కొండ రోడ్లు, బయటి లారీలతో నిండిపోతాయని భయం, అది న్యాయమైన భయమే, నేను తప్పు పట్టను. మిగిలిన మూడు దేశాలూ ఆమోదించాయి కదా, పర్మిట్ ఎవరివ్వాలి, యాక్సిడెంట్ అయితే ఇన్సూరెన్స్ ఎవరు కట్టాలి అని తేల్చుకోవడానికి ఇన్నేళ్లా?

ఆఫ్రికాలో జాంబియా, జింబాబ్వే 2009లోనే తమ సరిహద్దులోని చిరుండు దగ్గర రెండు దేశాల అధికారులనూ ఒకే చోట కూర్చోబెట్టాయి. లారీ ఒక్కసారి ఆగితే చాలు. వాళ్ల దగ్గర మనకంటే డబ్బేం ఎక్కువ లేదు. మనం ఇటు పక్క ఎంత పెద్ద చెక్‌పోస్టు కట్టినా అటు పక్క పని నిలిచిపోతే అడిగే దిక్కు లేదు, ఎందుకంటే రెండు వైపులా కలిపి చూసే అధికారం ఎవరికీ ఇవ్వలేదు. మయన్మార్‌లో సిత్వే రేవు మన డబ్బుతోనే కట్టాం, 2023లో ఓడ కూడా వచ్చింది, మిజోరంకి రావాల్సిన రోడ్డు మాత్రం పూర్తి కాలేదు. అక్కడ యుద్ధం నడుస్తోంది, నిజమే. కానీ ఆ రేవు, రోడ్డు ఒప్పందం 2008ది.

అసలు పరాయి దేశం దాకా ఎందుకు, మన తిరుపతి-కాట్పాడి లైను చూడండి. దేశం ఒకటే, రైల్వే ఒకటే, దాటాల్సింది తమిళనాడు హద్దు. 104 కిలోమీటర్ల డబ్లింగుకి, అంటే పక్కన రెండో లైను వేయడానికి, కేంద్ర కేబినెట్ ఆమోదం ఎప్పుడొచ్చింది? 2025 ఏప్రిల్‌లో! మా నాయన్ని వేలూరు ఆసుపత్రికి తీసుకుపోయే రోజుల్లో పాకాల దాటాక ఎదురు బండి కోసం ఆపేసేవాళ్లు, కిడ్నీ జబ్బు మనిషి కూర్చోలేక, పడుకోలేక నా భుజం మీద వాలి మూలుగుతుంటే ఏం చెయ్యాలో తెలిసేది కాదు. ఎన్ని ఎన్నికలు వచ్చిపోయాయి, ఎంతమంది ఓట్లడిగి వెళ్లారు! ఇప్పుడు పని మొదలైందని ఫొటోలు పెట్టేవాళ్లకి ఒకటే చెప్తున్నా, రెండో లైను ఏ స్టేషన్ దాకా ఏ నెలకి వస్తుందో ఆ ఫొటో కిందే రాయండి.