విత్తనం గట్టు దాటాలంటే

అనంతపురం జిల్లాకు ఏదైనా చేద్దామంటే మన సంఘాలకు ముందు తట్టేది ఊరికొక రైతుకు కొత్త రకం బుడ్డల (వేరుశనగ) విత్తనం ఇవ్వడం. పది ఊళ్లు, పది మూటలు, పది ఫోటోలు. మంచి మనసుతో చేసేదే, కానీ పద్ధతి మార్చాలి. ఆ పది మూటలూ ఒకే ఊళ్లో, గట్టుకు గట్టు ఆనుకున్న చేలకు ఇవ్వాలి.

కబురు వేరు, సేద్యం వేరు. కబురు కదిరి సంతలో విన్నా, ఫోన్లో చూసినా చాలు. సేద్యం మార్చాలంటే అది చాలదు, తప్పితే ఏడాది పంట పోతుంది. అమెరికాలోని అయోవాలో హైబ్రిడ్ మొక్కజొన్న పాకిన తీరును ర్యాన్, గ్రాస్ అనే గ్రామీణ సమాజ పరిశోధకులు 1943లో రాశారు. విత్తనం సంగతి రైతులకు ఎక్కువగా చేరవేసింది అమ్మకందార్లు. వేద్దామనే ధైర్యం ఇచ్చింది మాత్రం ఇరుగుపొరుగు రైతులు. అంత లాభమున్న విత్తనం పాకడానికే పదేళ్లకు పైగా పట్టింది.

బుడ్డలకు ఇంకో చిక్కుంది. ఎకరాకు దాదాపు 60 కిలోల గింజలు కావాలి, బాగా పండితే వచ్చేది ఎనిమిదింతలు. వానాధారం కింద అదీ నమ్మకం లేదు. అందుకే ఉన్న కొద్దిపాటి విత్తనం చెడకూడదు. నూర్పిడి మిషన్ దులపకుండా రెండు రకాలు కొడితే కలిసిపోతాయి. మరుసటేడు ఒకే చేలో కొన్ని చెట్లు ముందు, కొన్ని వెనక పక్వానికొస్తాయి. అది చూసి పక్కాయన “ఆ రకం బాగలేదబ్బా” అంటాడు. ఆ మాటకు ఊరు దాటడానికి వారం చాలు.

విత్తనం కాయలుగానే దాచాలి, విత్తే ముందే వొలవాలి. ముందుగా 100 గింజలు తడి గోనెపట్టాలో చుట్టి, వారం తర్వాత లెక్కపెట్టాలి. 70 కంటే తక్కువ మొలిస్తే ఎవరికీ ఇవ్వొద్దు. జూన్ పదునుకు ముందే చేరాలి. ఆలస్యమైతే ఆ విత్తనం నూనె మిల్లుకు పోతుంది, తప్పు రైతుది కాదు.

ఎవరికివ్వాలన్నదే అసలు సంగతి. ఊరి పెద్ద రైతుకిస్తే “ఆయనకు బోరుందిలే” అని తక్కినోళ్లు పక్కకు తప్పుకుంటారు. వాననే నమ్ముకున్న మూడు నాలుగెకరాల రైతులకివ్వాలి. ప్రతి చేలో దారి వైపు నాలుగు సాళ్లు పాత రకం వేయించాలి. పెరికే రోజు రెండు రకాల చెట్లూ పదేసి పీకి, ఊరోళ్ల ముందే కాయలు లెక్కపెట్టాలి.