ఒక గదిలో ముగ్గురు, ముగ్గురికీ ఒకే పేజీ

మన వారాంతపు తెలుగు తరగతుల్లో ఏ గదిలోకి తొంగి చూసినా ఈ ముగ్గురూ కనిపిస్తారు. ఇంట్లో అమ్మమ్మ ఉండడంతో గలగలా మాట్లాడుతూ, అక్షరం ముక్క రాని బాబు. గుణింతాలు, ఒత్తులు తడబడకుండా చదివేసి, చదివిందేమిటో చెప్పలేని పాప. ఆ తరగతిలో తప్ప తెలుగు చెవిన పడని ఇంకో బిడ్డ. ముగ్గురికీ పదేళ్లే కదా అని ఒకే పాఠం, ఒకే హోంవర్కు ఇస్తున్నాం. బాబుకి విసుగు, పాపకి మార్కులు, మూడో బిడ్డకి టెన్షన్. నేను చూసినంతలో ముందుగా బడి మానేసేది ఆ మూడో బిడ్డే. నాకు బాధంతా అక్కడే.

దీనికి దారి మన నేల మీదే ఉంది. మదనపల్లె దగ్గర రిషివ్యాలీ అనే విద్యాసంస్థ ఉంది. దాని చుట్టుపక్కల పల్లెల్లో ఒకే టీచరు, ఒకే గది, వేర్వేరు తరగతుల పిల్లలు ఉండే చిన్న బడుల కోసం ఆ సంస్థవాళ్లు ఒక పద్ధతి తయారుచేశారు. పాఠాలను చిన్న చిన్న కార్డులుగా విడగొట్టారు. గోడ మీద నిచ్చెన పటం, ప్రతి మెట్టుకూ ఒక బొమ్మ గుర్తు. పిల్ల తానే మెట్టు చూసుకుని, తానే కార్డు తీసుకుని పనిలో పడుతుంది. టీచరు పక్కన కూర్చోవాలా, తోటిపిల్లలతో చేయాలా, ఒక్కతే చేసుకోవాలా అన్నది కార్డును బట్టి ఉంటుంది. నాలుగు రోజులు బడికి రాకపోయినా ఆగిన మెట్టు నుంచే మళ్లీ ఎక్కుతుంది. కర్ణాటకలో 1995లో మొదలైన ‘నలి-కలి’ అనే ప్రభుత్వ బడుల బోధన పద్ధతికీ, 2003లో చెన్నై కార్పొరేషన్ బడుల్లో వచ్చిన కార్డుల బోధనకూ స్ఫూర్తి ఇదే.

పిల్లల్ని వాళ్ల మానాన వదిలేస్తే చదువుతారా అని పెద్దలు అడుగుతారు. వదిలేయడం కాదండీ. మెట్ల వరస మనమే వేస్తాం, మధ్యలో పరీక్ష కార్డులూ పెడతాం. బోర్డు ముందు నిలబడి అందరికీ కలిపి చెప్పే బాధ్యత తగ్గితే, వాలంటీరు టీచరుకు ఆ మూడో బిడ్డ పక్కన కూర్చునే తీరిక దొరుకుతుంది. అసలు లాభం అదే.

ఉదాహరణకు ఒక కార్డు: ‘తాతయ్యకో అమ్మమ్మకో ఫోన్ చేసి, చిన్నప్పుడు ఏం ఆటలు ఆడారో అడుగు.’ బాబు విన్నది చెబుతాడు, పాప రాస్తుంది. చెప్పేవాడు అక్షరాల కోసం పాప వైపు చూస్తాడు, రాసేది అర్థం కోసం బాబుని అడుగుతుంది. మూడో బిడ్డ గోలీలు, కోతికొమ్మచ్చి బొమ్మలు గీసి, ఒక్కో బొమ్మ కింద ఒక్కో పేరు రాస్తే ఆ వారానికి చాలు.

తల్లిదండ్రులకు ఒక మాట. పక్కింటి పిల్ల ఎన్నో పాఠంలో ఉందో అడగడం మానండి. ఈ వారం ఏ కార్డు తీసుకున్నావని మీ పిల్లనే అడగండి, అదీ తెలుగులో.

కార్డులు చేయడం చాకిరీయే, కాదనను. అందుకే అన్ని తరగతులకూ ఒకేసారి వద్దు. ఈ వేసవి సెలవుల్లో ఒక్క తరగతికి, గుణింతాల వరకే చేద్దాం. రాయడానికి టీచర్లున్నారు, బొమ్మలు గీసేవాళ్లు, అట్టలు కత్తిరించేవాళ్లు కావాలి.