ఓసీ బుడగలకా, నీళ్లకా?

హైదరాబాద్‌లో కొత్త అపార్ట్‌మెంట్ల పచ్చికలో ఒక బోర్డు కనబడుతుంటుంది: ‘ఈ మొక్కలకు పోసేది శుద్ధి చేసిన మురుగునీరు. తాగరాదు.’ చాలాచోట్ల అందులో రెండో వాక్యం మాత్రమే నిజం.

లెక్కకు లోటు లేదు. రెండు వందల ఫ్లాట్లు, ఫ్లాటుకు అయిదుగురు, మనిషికి రోజుకు 135 లీటర్లు, అందులో 80 శాతం మురుగు. వెరసి 1,08,000 లీటర్లు. కనుక ప్లానులో 110 కేఎల్‌డీ (రోజుకు 110 వేల లీటర్ల) ఎస్టీపీ, అంటే మురుగునీటి శుద్ధి ప్లాంటు, గీస్తారు, ముద్ర పడుతుంది.

కట్టడం కాపురానికి సిద్ధమని మున్సిపాలిటీ ఇచ్చే పత్రమే ఓసీ. అది రానిదే ఎవరూ కాపురానికి దిగకూడదు. కాపురం లేనిదే మురుగు లేదు. మురుగు లేనిదే ఎస్టీపీ పనితనం తేలదు. అయినా తనిఖీ జరిగి తీరుతుంది. మురుగుకు గాలి పట్టించే ఏరేషన్ ట్యాంకులో బోరు నీళ్లు నింపుతారు. గాలి ఊదే బ్లోయర్ వేస్తారు. బుడగలొస్తాయి. అధికారులు బుడగలను చూస్తారు. బుడగలు కూడా మర్యాదగా వరసలో లేస్తాయి. ఫొటో దిగుతారు. నీటిలో మిగిలిన మురికిని కొలిచే బీఓడీ లీటరుకు పది మిల్లీగ్రాములు మించకూడదన్న షరతు ఈ ట్యాంకు ముందు సిగ్గుపడాలి. పది ఎందుకు, ఒకటి కూడా ఉండదు. ఇంత శుభ్రమైన మురుగును లోకం చూసి ఉండదు. గట్టు మీద రెండు పూలకుండీలు పెట్టారంటే ఫైలు సంపూర్ణం.

తర్వాత ఇరవై కుటుంబాలు దిగుతాయి. 110 వేల లీటర్ల ప్లాంటుకు పదకొండు వేలు కూడా రావు. మురుగును తిని శుద్ధి చేసే బ్యాక్టీరియా తిండి చాలక చస్తుంది. ప్లాంటును రెండు మూడు భాగాలుగా కట్టి, ఇళ్లు నిండే కొద్దీ ఒక్కోటి నడిపితే ఈ బాధ ఉండదు. కానీ నిబంధన అడిగేది మొత్తం సామర్థ్యాన్నే. ఇళ్లు నిండాక కరెంటు బిల్లు చూసి, రాత్రిళ్లు బ్లోయర్ ఆపాలని అసోసియేషన్ తీర్మానిస్తుంది. ఆ తీర్మానం బ్యాక్టీరియాకు అందదు. గాలి ఆగిన కొన్ని గంటలకే ట్యాంకు కుళ్లడం మొదలవుతుంది. గాజు జాడీలో లీటరు ఏరేషన్ ట్యాంకు నీళ్లు పట్టి అరగంట కదపకుండా ఉంచండి: పావు వంతు పైచిలుకు గోధుమరంగు బురద దిగి, పైన తేట నిలిస్తే ప్లాంటు బతికే ఉంది. బురద నల్లగా ఉంటే పోయినట్టే. జాడీకయ్యే ఖర్చు ఫొటోకయ్యేదానికన్నా ఎక్కువేం కాదు. దాన్ని అడిగేవాళ్లే లేరు. చివరికి మురుగు ఎత్తుకుపోవడానికి రాత్రిపూట ట్యాంకర్ వస్తుంది, దగ్గర్లో నాలా ఉంటుంది, నాలాకు మూసీ ఉంటుంది.

ఇంతవరకూ నవ్వుకోవచ్చు. ఆ ఎస్టీపీ ఎక్కడుందో చూడండి. అట్టడుగు సెల్లార్ మూలన, ట్యాంకు పైకప్పుకూ స్లాబుకూ నడుమ వంగి నడవాల్సినంత సందులో, ఒక మనిషి కష్టంగా పట్టే మూత కింద. పైనున్న జాగా చదరపు అడుగుల లెక్కన అమ్ముడుపోతుంది మరి. ఎగ్జాస్ట్ ఫ్యాన్ ప్లాను కాగితం మీదే తిరుగుతుంది. కుళ్లిన మురుగులో పుట్టే హైడ్రోజన్ సల్ఫైడ్ గాలికన్నా బరువు, కిందే పేరుకుంటుంది. మొదట కుళ్లిన గుడ్ల కంపు కొడుతుంది. మోతాదు పెరిగితే ముక్కు పనిచేయదు. కంపు పోయిందనుకుని ట్యాంకులోని పంపు తీయడానికి కూలీ దిగుతాడు. పడిపోయినవాణ్ని లాగడానికి రెండోవాడు దిగుతాడు. రక్షణ లేకుండా మనుషుల్ని ఇలా దించడాన్ని 2013 చట్టం నిషేధించింది. మురుగులో చనిపోతే కుటుంబానికి 30 లక్షలు ఇవ్వాలని 2023లో సుప్రీంకోర్టు చెప్పింది. అయినా పేపర్లో ‘ప్రమాదవశాత్తు’ అనే వేస్తారు. ఏం ప్రమాదం? ఊపిరాడని ఆ గది ప్లానులో గీసే ఉంది. దాన్ని చూసే ముద్ర కొట్టారు!

పంపును గైడ్ పైపుల మీద గొలుసుతో పైకి లాగే ఏర్పాటుంటే దాని కోసం ఎవరూ దిగనక్కర్లేదు. అధికారులారా, గొలుసు, కప్పీ, గాలి గొట్టం లేని ప్లానును తిప్పి పంపండి. కట్టడంలో పది శాతం మున్సిపాలిటీకి మార్ట్‌గేజ్ (తనఖా) పెట్టించుకుని, ఓసీతో పాటే వదిలేస్తున్నారు. అందులో సగమైనా, ఇళ్లు నిండి నిజమైన మురుగుతో ఏడాది నడిచేదాకా అట్టే పెట్టుకోండి. ఫ్లాటు ధర పెరిగిపోతుందని బిల్డర్లు బెంగపడతారు. క్లబ్‌హౌస్ స్విమ్మింగ్ పూల్ విషయంలో ఆ బెంగ ఎన్నడూ కలగలేదు. దాని ఫిల్టర్ మోటారు మాత్రం రోజూ తిరుగుతూనే ఉంటుంది.