పాతిక డాలర్ల కాగితం

హెచ్‌1బీ, ఎఫ్‌1, హెచ్‌4 వంటి తాత్కాలిక వీసాలపై అమెరికాలో ఉంటున్నవారు తుపాకీ కొనడం, దగ్గర ఉంచుకోవడం 1998 నుంచి అక్కడి సమాఖ్య చట్టం ప్రకారం నేరం. ఉన్న కొద్దిపాటి మినహాయింపుల్లో సామాన్యుడికి అందేది ఒక్కటే: ఏదైనా ఒక రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్సు. డాలస్ చుట్టుపక్కల ఫ్రిస్కో, ప్లేనో, ఇర్వింగ్‌లలో స్థిరపడిన తెలుగు యువతలో జింకను వేటాడే ఉద్దేశమే లేకుండా ఆ లైసెన్సు తీసుకునేవారున్నారు. అది చట్టవిరుద్ధం కాదు. ప్రమాదమంతా ఆ తర్వాతే ఉంది.

టెక్సస్‌లో లైసెన్సు సులువుగా దొరుకుతుంది. దరఖాస్తుకు ముందు ఆరు నెలలకు పైగా రాష్ట్రంలో వరసగా నివాసం ఉన్నవారికి రుసుము 25 డాలర్లు, లేనివారికి 315. 1971 సెప్టెంబరు 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టిన ప్రతి ఒక్కరూ వేటకు వెళ్లాలంటే వేట శిక్షణ పూర్తిచేసి ఉండాలి. అయితే లైసెన్సు కొనేటప్పుడు ఆ ధ్రువపత్రం ఎవరూ అడగరు. అడవిలో వార్డెన్ (వేట నిబంధనలు అమలుచేసే అధికారి) ఆపినప్పుడే చూపాలి. వేటకే వెళ్లనివాడికి ఆ చదువుతో పనే పడదు. తుపాకీ మాత్రం ఇంటికి వచ్చేస్తుంది.

ఆ చదువులో మొదట నేర్పేది తూటా తీయడం. మ్యాగజైన్ (తూటాలు నింపే పెట్టె) ఊడదీయగానే తుపాకీ ఖాళీ అయిందనుకోవడం కొత్తవారు తరచూ చేసే పొరపాటు. పేలడానికి సిద్ధంగా తూటా కూర్చునే గదిలో, అంటే చాంబర్లో, ఒక తూటా మిగిలి ఉండొచ్చు. ముందు మ్యాగజైన్ తీయాలి, తర్వాత చాంబరును మూసి ఉంచే బోల్టును వెనక్కి లాగి పట్టాలి, చాంబర్లోకి కంటితో చూసి, వేలు పెట్టి తడమాలి. ఈ వరస తారుమారైతే, అంటే బోల్టు ముందు లాగి వదిలితే, లోపలి తూటా బయటపడుతుంది గానీ మ్యాగజైన్‌లోని మరో తూటా ఆ చోటికి ఎక్కుతుంది. శుభ్రం చేయడానికి ఒళ్లో పెట్టుకున్న తుపాకీ పేలేది ఇలాంటప్పుడే. వీడియోలు చూసి నేర్చుకునే విద్య కాదిది. పక్కన మనిషి నిలబడి చెయ్యి పట్టి నేర్పాలి.

రెండో ప్రమాదం క్యాలెండర్లో ఉంది. టెక్సస్ లైసెన్సు ఏ నెలలో కొన్నా ఆగస్టు 31తో గడువు తీరుతుంది. మే నెలలో కొన్నవారు ఏడాది పాటు చెల్లుతుందని నమ్ముతారు. కొత్తది చేతికి రాకుండా సెప్టెంబరు 1 వస్తే, బీరువాలోని తుపాకీయే నేరానికి సాక్ష్యమవుతుంది. 2022 సవరణతో ఈ నేరానికి గరిష్ఠ శిక్ష 15 ఏళ్లకు పెరిగింది. దేశం నుంచి పంపించేయడానికీ అది చాలు. ఇక వీసా హోదాయే పోయి అక్రమంగా ఉంటున్నవారిని ఏ వేట లైసెన్సూ కాపాడదు. గ్రీన్‌కార్డు వచ్చినవారికి ఈ బెడద లేదు.

నిజంగా వేటకు వెళ్లేవారు గుర్తుంచుకోవలసినవి వేరే ఉన్నాయి. శిక్షణ లేని, 17 ఏళ్లు నిండినవారు 10 డాలర్లు కట్టి ఆ శిక్షణను ఒక్కసారి వాయిదా వేసుకోవచ్చు. అయితే అర్హుడైన మరో వేటగాడు మాట వినిపించేంత దూరంలో తోడుండాలి. జింక పడగానే, లైసెన్సుతో వచ్చే కాగితపు ట్యాగుపై నెల, తేదీ కత్తిరించాలి, సిరాతో గుర్తు పెడితే చెల్లదు. తూటా హద్దు దాటి పక్కవారి భూమిలోకి వెళ్లినా, వారి రాతపూర్వక అనుమతి లేకపోతే నేరమే. ప్రభుత్వ వేట భూముల్లో సాధారణంగా 400 చదరపు అంగుళాల మెరిసే నారింజ రంగు ఒంటిపై కనిపించాలి.

లైసెన్సు కొనే చోటే శిక్షణ ధ్రువపత్రం అడగాలని టెక్సస్ చట్టసభను కోరవలసిన బాధ్యత అక్కడి తెలుగు సంఘాలపై ఉంది. అంతవరకూ అవి చేతులు కట్టుకు కూర్చోనక్కర్లేదు. 17 నిండినవారు శిక్షణను ఆన్‌లైన్లోనే ముగించే వీలుంది, కానీ తుపాకీ చేతికిచ్చి నేర్పేది తరగతిలోనే. ఉగాదికీ దసరాకూ హాళ్లు మాట్లాడే సంఘాలకు ఒక శనివారం వేట శిక్షకుణ్ని పిలవడం పెద్ద పని కాదు. కొత్త లైసెన్సుల అమ్మకం ఏటా ఆగస్టు మధ్యలో మొదలవుతుంది. ఆ తరగతి జూలైలో పెట్టాలి.