తలకు 4 రూపాయల 39 పైసలు

ఈ దేశంలో పేదలున్నారన్న సంగతి కొందరు పెద్దమనుషులకు శ్రీహరికోటలో రాకెట్టు లేచిన రోజున మాత్రమే గుర్తుకు వస్తుంది. మిగతా రోజుల్లో ఆ పేదలు ఎక్కడ పడుకుంటున్నారో, ఏం తింటున్నారో వారు ఆరా తీసిన దాఖలాలు లేవు. కౌంట్‌డౌన్ వినిపించగానే మాత్రం వారి గుండె కలుక్కుమంటుంది, కళ్ళు చెమరుస్తాయి, ‘‘తిండికి లేని దేశానికి చంద్రుడెందుకండీ?’’ అన్న ప్రశ్న గొంతులోంచి తన్నుకొని వస్తుంది. బెంగళూరులో మారతహళ్ళి పక్కన మేముండే అపార్ట్‌మెంటు సంఘానికి అధ్యక్షులైన వారు ఈ కోవలో అగ్రగణ్యులు. వారి కరుణను లోకానికి చాటకపోతే ఈ కాలమ్ ఉండీ లేనట్టే.

2023 ఆగస్టు 23 సాయంత్రం మా క్లబ్ హౌసులో పెద్ద తెర కట్టారు. ఇదే ఊళ్ళో పీణ్యలో ఉన్న, ఇస్రో వ్యోమనౌకల జాడ చూసుకునే ఇస్ట్రాక్ కేంద్రం నుంచి ప్రత్యక్ష ప్రసారం వస్తోంది. రోవరు బండిని కడుపులో పెట్టుకున్న చంద్రయాన్-3 విక్రమ్ ల్యాండర్ చంద్రుడికి 30 కిలోమీటర్ల ఎత్తున, సెకనుకు 1.68 కిలోమీటర్ల వేగంతో పోతున్నది కాస్తా, భూమి మీది మనిషి చెయ్యి తగలకుండా తన వేగాన్ని తానే చంపుకుంటూ కిందికి దిగుతోంది. అధ్యక్షుల వారు మొదటి వరుసలో కూర్చుని సంఘం ఖర్చుతో వచ్చిన మిరపకాయ బజ్జీలను పరిశీలిస్తున్నారు. 6 గంటల 4 నిమిషాలకు ల్యాండర్ దిగింది. అందరికన్నా ముందు లేచి చప్పట్లు కొట్టినవారు వారే. ఆ చప్పట్లు ఆగీ ఆగకముందే చేతికంటిన నూనెను కాగితంతో తుడుచుకుంటూ, ‘‘అంతా బాగానే ఉంది గానీండి, ఈ యాత్రకు పెట్టిన 615 కోట్లతో ఎన్ని మరుగుదొడ్లు కట్టించవచ్చు?’’ అన్నవారూ వారే.

మరుగుదొడ్ల ప్రస్తావన వచ్చింది కాబట్టి ఒక మాట. 1975లో మన మొదటి ఉపగ్రహం ఆర్యభటను పీణ్యలోని రేకుల షెడ్లలో తయారు చేసినప్పుడు, చోటు చాలక, బెంగళూరులో ఒక మరుగుదొడ్డినే సమాచారం అందుకునే గదిగా మార్చుకున్నారు. అంటే ఈ దేశపు అంతరిక్ష పరిశోధన పేదల మరుగుదొడ్డిని అపహరించిందన్న ఆరోపణకు చారిత్రక ఆధారం ఒకటి నిజంగానే ఉంది. అధ్యక్షుల వారికి ఈ సంగతి తెలియకపోవడం ఇస్రో చేసుకున్న పుణ్యం.

వారి మనసులోని చిత్రాన్ని నేను చాలాకాలం అర్థం చేసుకోలేకపోయాను. 615 కోట్లను ఐదువందల నోట్ల కట్టలుగా కట్టి, గోనెసంచుల్లో నింపి, చంద్రుడి దక్షిణ ధ్రువం దగ్గర దింపి వచ్చారని వారు నమ్ముతున్నట్టున్నారు. ఆ డబ్బు హైదరాబాదులో మిధాని వంటి కర్మాగారాల్లో లోహం కరిగించినవారి దగ్గర, మరలు కోసినవారి దగ్గర, ఇంజినీర్ల ఇళ్ళలో, అంటే ఈ నేల మీదే ఖర్చయింది. పైకి పోయినది కొంత లోహం, కొంత ఇంధనం.

అయినా పెద్దవారి మాటను కాదనకూడదు. పేదలకే పంచుదాం. 140 కోట్ల మందికి 615 కోట్లు పంచితే తలకు 4 రూపాయల 39 పైసలు వస్తుంది. ఈ ఊళ్ళో నిలబడి తినే దర్శిని హోటల్లో బైటూ కాఫీ చెప్పుకొని ఇద్దరు పంచుకున్నా ఒకరి వాటాకు చాలని సొమ్ము.

పంపిణీ మహోత్సవం ఒక ఆదివారం ఉదయం మా బేస్‌మెంటులో మొదలవుతుంది. షామియానా వేస్తారు. ఫ్లెక్సీ మీద అధ్యక్షుల వారి నిలువెత్తు బొమ్మ, మూలన తపాలా బిళ్ళంత చంద్రుడు. ఒడిశా నుంచి వచ్చిన సెక్యూరిటీ కుర్రాడు, మదనపల్లె వైపు నుంచి వచ్చి మెట్లు తుడిచే ఆమె, గేటు బయట ఇస్త్రీ బండి ముసలాయన వరుసలో నిలబడతారు. జ్యోతి ప్రజ్వలన, ముఖ్య అతిథి ప్రసంగం, వందన సమర్పణ అయ్యేసరికి పన్నెండవుతుంది. అప్పుడు ఒక్కొక్కరిని ఆధార్ కార్డు జిరాక్సులు రెండు తెమ్మంటారు. జిరాక్సు ఒకటికి రెండు రూపాయలు కాబట్టి రెండింటికి నాలుగు రూపాయలు పోగా లబ్ధిదారుడికి నికరంగా 39 పైసలు మిగులుతాయి. వాటిని ఇద్దామంటే చిల్లర లేదు. పావలా, దానికన్నా చిన్న నాణేలు 2011 జూన్ 30తోనే చెల్లకుండా పోయాయి. ఖాతాలో వేద్దామంటే మినిమం బ్యాలెన్సు లేదన్న పేరుతో బ్యాంకు ఆ 39 పైసలను ముందుగా మింగుతుంది. అందరూ తలలు పట్టుకున్న ఆ ఘడియలో మా కోశాధికారి లేచి, పైసలను వదిలేసి రౌండుగా నాలుగు రూపాయలు చేద్దామని, తలకు మిగిలే 39 పైసలను సంఘం కార్పస్ ఫండులో వేద్దామని ప్రతిపాదిస్తారు. దేశం మొత్తం మీద ఆ మిగులు 54 కోట్ల 60 లక్షలవుతుందని కాలిక్యులేటరు చెప్పగానే అధ్యక్షుల వారి ముఖంలో, ల్యాండర్ దిగినప్పుడు కూడా కనిపించని కాంతి కనిపిస్తుంది. తీర్మానం ఏకగ్రీవం. ఎగ్జిక్యూటివ్ కమిటీకి శాలువాలు.

న్యాయంగా చెప్పాలంటే వారి పక్షాన ఒక గట్టి సాక్షి ఉన్నాడు. భారత అంతరిక్ష పరిశోధనకు పునాది వేసిన విక్రమ్ సారాభాయి, ధనిక దేశాలతో పోటీపడి చంద్రుడినీ గ్రహాలనూ అన్వేషించాలన్న భ్రమ మనకు లేదని, మనిషి సమస్యలకూ సమాజ సమస్యలకూ ఉన్నత సాంకేతికతను వాడటంలో మాత్రం ఎవరికీ తీసిపోకూడదని చెప్పాడు. ల్యాండర్‌కు పెట్టిన పేరు ఆయనదే కావడం వాదనకు మరింత రుచి. కానీ ఈ వాదన చేయాలంటే కాస్త చదవాలి, కనుక అధ్యక్షుల వారి నుంచి దానిని ఆశించకూడదు. చదివితే తర్వాత జరిగినదీ తెలుస్తుంది. తుంబా నుంచి తొలి రాకెట్టు 1963లో ఎగిరింది, చంద్రయాన్-1 వెళ్ళింది 2008లో. మధ్యలోని 45 ఏళ్ళలో, అమెరికా ఉపగ్రహాన్ని ఏడాది పాటు వాడుకొని మన ఆంధ్ర, కర్ణాటక పల్లెలతో సహా ఆరు రాష్ట్రాల్లోని 2,400 గ్రామాలకు టీవీలో వ్యవసాయం, ఆరోగ్యం పాఠాలు చెప్పారు, ఆ తర్వాత టీవీకీ వాతావరణానికీ పనికొచ్చే ఇన్శాట్ ఉపగ్రహాలను నిలబెట్టారు. చంద్రుడి వంతు అన్నిటి తర్వాతే వచ్చింది.

దివిసీమ పేరు వింటే మా తరం తెలుగువాళ్ళకు ఇప్పటికీ మాట పడిపోతుంది. 1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెనలో ప్రభుత్వ లెక్కలోనే దాదాపు పది వేల మంది పోయారు. 1990 మే నెలలో అదే కృష్ణా తీరానికి అంతటి తుఫానే వచ్చింది. అప్పటికి ఇన్శాట్ చూస్తోంది, హెచ్చరికలు ముందే అందాయి, లక్షన్నర మందిని తరలించారు, మృతులు వెయ్యికి లోపు. ఆ వెయ్యి మందీ తక్కువ కాదు. కానీ తేడా ఎంతో లెక్క తెలిసినవారు వేసుకోవచ్చు. ‘‘చంద్రయాన్ తుఫానును చూడదు కదండీ’’ అంటారు. చూడదు. తుఫానును చూసే ఉపగ్రహమూ చంద్రుడి మీద దిగే ల్యాండరూ ఇప్పుడు ఓల్డ్ ఎయిర్‌పోర్టు రోడ్డులోని ఒకే కేంద్రంలో, ఒకే రకం చదువు చదివిన చేతుల్లో తయారవుతున్నాయి. వీటన్నిటికీ కలిపి 2023-24 కేంద్ర బడ్జెట్టులో ప్రతి వంద రూపాయలకూ అంతరిక్ష శాఖకు కేటాయించినది 28 పైసలు. పేదవాడి అన్నం ఈ 28 పైసల కింద దాగి ఉందని, మిగతా 99 రూపాయల 72 పైసలను సోదా చేయవలసిన పని లేదని నమ్మడానికి ఎంతో నిగ్రహం కావాలి.

(ఇటువైపు వారి గురించి కూడా ఒక ముక్క. ల్యాండర్‌ను తామే భుజాన మోసుకెళ్ళి దించినట్టు మీసం తిప్పుతూ, ఖర్చు అడిగిన ప్రతివాడినీ దేశద్రోహి అనే బ్యాచి మా మూడో అంతస్తులో ఉంది. ఖర్చు అడగవలసిందే. ప్రజల డబ్బు. వీరి సంగతి ఇంకో వారం.)

అధ్యక్షుల వారి తూణీరంలో చివరి అస్త్రం మ్యాన్‌హోల్. ‘‘మ్యాన్‌హోల్‌లోకి దిగడానికి యంత్రం లేని దేశం చంద్రుడి మీదికి యంత్రాన్ని పంపుతుందా?’’ అని వారు గ్రూపులో పెట్టగానే నలభై మంది చేతులు జోడించారు. యంత్రం లేదని ఎవరు చెప్పారు? జెట్టింగ్ మెషిన్లున్నాయి, ఈ ఊరి ప్రతి వీధిలో సెప్టిక్ ట్యాంకులను పీల్చే హనీ సక్కర్ లారీలు తిరుగుతున్నాయి. రక్షణ సామగ్రి లేకుండా మనిషిని దింపకూడదని 2013లో చట్టం వచ్చింది. చనిపోతే పది లక్షలివ్వాలని సుప్రీంకోర్టు 2014లో చెప్పింది, 2023లో దానిని ముప్పై లక్షలు చేసింది. ఇన్ని ఉండగా మా బేస్‌మెంటులోని మురుగుశుద్ధి ట్యాంకు కడగడానికి ఏం చేశారో సంఘం మినిట్స్ పుస్తకంలో నీలం సిరాతో రాసి ఉంది: ‘‘మెషిన్ కొటేషన్ ఎక్కువగా ఉన్నందున లేబర్‌తో చేయించవలెను.’’ ఆ వాక్యం కింద సంతకం ఇస్రో చైర్మన్‌ది కాదు. మూడు కోట్ల ఫ్లాటులో ఉంటూ, నెలకొకసారి గోవా వెళ్ళి వస్తూ, యంత్రం అద్దెకు ఒక్కో ఇంటికి వంద రూపాయలు పడుతుందని లెక్క చూసి, ఒక మనిషి నడుముకు తాడు కట్టి మన పెంటలోకి దింపినవారు పేదల పేరెత్తడానికి సిగ్గుపడాలి. ఆ గోతిలో ఉండేది విషవాయువు. మొదటివాడు పడిపోతే తీయబోయిన రెండోవాడూ పడిపోతాడు. చంద్రుడు అడ్డం వచ్చాడా ఇక్కడ? 615 కోట్లు అడ్డం వచ్చాయా? ఆ రోజు క్లబ్ హౌసు గుమ్మం దగ్గర, పనివాళ్ళు కుర్చీల్లో కూర్చోకూడదన్న మీ రూలు వల్ల చీపురు పట్టుకుని నిలబడే చూసి, ‘‘లోపలుండే బండి ఎప్పుడు దిగుతుంది సార్?’’ అని అడిగిన ఒకే ఒక్క మనిషి మెట్లు తుడిచే ఆమె. ఆమె పేరు మీద మీరు అడిగినది మరుగుదొడ్ల లెక్క. ఆమెకు మన బిల్డింగులో వాడుకోవడానికి మరుగుదొడ్డి లేదన్న సంగతి తెలిసి అడిగారా, తెలియక అడిగారా?

ఇక 2024 సెప్టెంబరులో కేంద్ర మంత్రివర్గం 2,104 కోట్లతో చంద్రయాన్-4కు అనుమతి ఇచ్చింది. తలకు 15 రూపాయలు పడుతుంది కాబట్టి ఈసారి జిరాక్సులు పోగా పేదవాడికి 11 రూపాయలు మిగలడం ఖాయం. ఈ యాత్రలో చంద్రుడి మీది మట్టిని భూమికి తెస్తారు. ‘‘మట్టి కోసం ఇంత ఖర్చా?’’ అని అధ్యక్షుల వారు అప్పుడే గ్రూపులో ఆవేదన వెళ్ళగక్కారు. దేవనహళ్ళి అవతల నీళ్ళూ కరెంటూ రోడ్డూ ఇంకా చేరని చోట థర్టీ ఫార్టీ సైటును చదరపు అడుగు లెక్కన బ్యాంకు అప్పు చేసి కొన్నవారు గనుక, మట్టి ధర విషయంలో వారి నైపుణ్యాన్ని శంకించడానికి లేదు.